మంచులో చిక్కిన కలకత్తా ఓడ

1786లో రెండు చిన్న వర్తక ఓడలు కలకత్తా రేవు నుంచి అలాస్కా తీరానికి బయలుదేరాయి. ఒకటి మళ్ళీ ఎవరి కంటా పడలేదు. రెండవది తిరిగి వచ్చింది గాని, తనతో వెళ్ళినవారిలో దాదాపు సగం మందిని ఆ మంచుకే అప్పగించి వచ్చింది.

శవాన్ని పూడ్చడానికి నేల లేదు. గడ్డపార దిగనంతగా భూమి బిగుసుకుపోయింది. ఓడలో ఇంకా కాళ్ళమీద నిలబడగలిగిన ఇద్దరు ముగ్గురు మనుషులు, అడవి నుంచి కట్టెలు లాగడానికి చేసుకున్న చక్రాలు లేని బండిమీద ఆ శవాన్ని ఉంచి, గడ్డకట్టిన సముద్రం మీదుగా ఈడ్చుకుపోయేవారు. మంచుపలక బీటవారిన చోట దానిని నల్లని నీటిలోకి జారవిడిచేవారు. తిరుగుదారిలో అదే బండిమీద కట్టెలు వేసుకుని వచ్చేవారు. మరునాడో, ఆ మరునాడో ఆ బండిమీద తమ వంతు రావచ్చునని వారిలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

అది 1787వ సంవత్సరం ఆరంభం. అలాస్కా దక్షిణ తీరంలో, ప్రిన్స్ విలియం సౌండ్ అనే సముద్రపు పాయలో, కొండల నడుమ ఒక మూలకు చిక్కుపడి ఉన్న ఆ ఓడ పేరు ‘నూట్కా’. దాని బరువు 200 టన్నులు. అది ఇంగ్లండు నుంచి వచ్చిన ఓడ కాదు. కలకత్తా నుంచి వచ్చింది. వెచ్చని బంగాళాఖాతాన్ని దాటి, భూగోళంలో సగం చుట్టి, సూర్యుడు కొండ శిఖరాలపైకి ఎక్కి రాలేని ఆ చోటికి దానిని తీసుకుపోయినది ఒక జంతువు చర్మం.

చీనా దొరలు మెచ్చిన చర్మం

సముద్రపు నీటికుక్క ఉత్తర పసిఫిక్ తీరాలలో బతికే జంతువు. తిమింగలానికి, సీలు చేపకు ఉన్నట్లు దానికి చర్మం కింద దట్టమైన కొవ్వు పొర ఉండదు. ఆ చల్లని నీటిలో దానిని కాపాడేది ఒంటిమీది బొచ్చు ఒక్కటే. మనిషి తలమీద మొత్తం లక్ష వెంట్రుకలు ఉంటాయనుకుంటే, ఈ జంతువు ఒంటిమీద ఒక్క చదరపు సెంటీమీటరు మేరలోనే అంతకు మించి ఉంటాయి. ప్రకృతి దాని ప్రాణరక్షణకు ఇచ్చిన ఆ కవచమే చివరకు దాని ప్రాణం తీసింది.

రష్యా వర్తకులకు ఈ సంగతి అంతకు ముందే తెలుసు. తక్కిన ప్రపంచానికి తెలియజేసినది కెప్టెన్ జేమ్స్ కుక్ మూడవ యాత్ర. 1778లో ఆయన ఓడలు నేటి కెనడా పశ్చిమ తీరంలోని నూట్కా సౌండ్‌లో ఆగినపుడు, నావికులు ఇనుప ముక్కలు, పూసలు ఇచ్చి అక్కడి ప్రజల దగ్గర కొన్ని బొచ్చు తోళ్ళు తీసుకున్నారు. చలికి కప్పుకోవడానికి, పరుచుకోవడానికి తప్ప అవి మరెందుకు పనికి వస్తాయని వారు అనుకోలేదు. మరుసటి సంవత్సరం కుక్ హవాయి దీవులలో హతుడైనాడు. నాయకుని పోగొట్టుకుని, ఆ ఓడలు 1779 చివర చీనా దేశపు రేవులకు చేరాయి. అక్కడ నావికులు కళ్ళను తామే నమ్మలేకపోయారు. అరిగి చిరిగిన తోళ్ళకు సైతం చీనా వర్తకులు వెండి నాణేలు లెక్కపెట్టి ఇచ్చారు. శ్రేష్ఠమైన తోలు ఒక్కొక్కటి 120 స్పానిష్ డాలర్లకు అమ్ముడుపోయింది. ఇంటికి పోకుండా మళ్ళీ అమెరికా తీరానికే పోదామని నావికులు తిరుగుబాటుకు సిద్ధమైనంత పని చేశారు. ఇద్దరు ఒక పడవను తీసుకుని పారిపోయారు కూడా.

ఈ వృత్తాంతమంతా 1784లో లండన్‌లో అచ్చయింది. చదివినవారిలో పండితులూ ఉన్నారు, వర్తకులూ ఉన్నారు. పండితులు పటాలు చూసుకున్నారు. వర్తకులు లెక్కలు వేసుకున్నారు.

ఓడలు చిన్నవి, ఆశలు పెద్దవి

ఆ వ్యాపారం చేయడానికి బ్రిటిష్ వర్తకునికి రెండు తలుపులు అడ్డుగా ఉండేవి. అమెరికా పశ్చిమ తీరంలో వర్తకం చేయాలంటే సౌత్ సీ కంపెనీ అనుమతి కావాలి. సరుకును చీనాలో అమ్మాలంటే ఈస్టిండియా కంపెనీ అనుమతి కావాలి. ఇంగ్లండు నుంచి బయలుదేరే ఓడకు రెండు గుత్తాధిపత్యాల మధ్య నలిగిపోవడమే సరిపోయేది. ఇండియాలో స్థిరపడిన ఆంగ్ల వర్తకులకు మాత్రం కొంత వెసులుబాటు ఉండేది. తూర్పు సముద్రాలలో రేవు నుంచి రేవుకు సొంతంగా వర్తకం చేసుకోవడం వారికి అలవాటే. కావలసి వస్తే మకావులో పోర్చుగీసు జెండా ఎత్తుకునేవారు. అందుచేతనే ఈ తీరానికి మొదట పరుగులు తీసిన ఓడలలో చాలా భాగం లండన్ నుంచి కాక మకావు, బొంబాయి, కలకత్తాల నుంచి బయలుదేరాయి.

ఓడలు చిన్నవి కావడానికి కూడా కారణాలున్నాయి. తోళ్ళు బరువైన సరుకు కాదు. వాటికి పెద్ద ఓడ అక్కరలేదు. తీరం నిండా ఇరుకు పాయలు, రాళ్ళు. అక్కడి గ్రామాల దగ్గరకు పోవాలంటే తక్కువ లోతులో తిరగగల ఓడ కావాలి. అన్నింటికన్నా ముఖ్యంగా, మునిగిపోతే నష్టం తక్కువ. వర్తకుని లెక్కలో ఈ చివరి మాటకు విలువ ఎక్కువ. ఓడ ఎక్కినవాని లెక్కలో దానికి వేరే అర్థం ఉంది.

మొదట వెళ్ళినవాడు జేమ్స్ హన్నా. 1785 ఏప్రిల్‌లో మకావు నుంచి 60 టన్నుల ఓడలో పసిఫిక్ మహాసముద్రం దాటాడు. నూట్కాలో అక్కడి ప్రజలతో రక్తపాతమైన ఘర్షణ జరిగింది; ఆ తరువాత బేరమూ జరిగింది. సంవత్సరాంతానికి 560 తోళ్ళతో తిరిగి వచ్చి, వాటిని సుమారు 20 వేల స్పానిష్ డాలర్లకు అమ్మాడు. గోదావరి మీద ధాన్యం మోసే పడవలకు అన్నదమ్ము వంటి ఓడలో పోయి అంత ధనం తేవడం సాధ్యమని తెలిశాక, ఇక ఆగేవారు ఎవరు?

బొంబాయి నుంచి బయలుదేరిన మద్రాసు ఉద్యోగి

హన్నా తిరిగివచ్చిన వార్త ఇండియాకు చేరక ముందే, 1785 డిసెంబరులో, బొంబాయి నుంచి మరి రెండు ఓడలు తెరచాపలు ఎత్తాయి. ఒకటి 300 టన్నుల ‘కెప్టెన్ కుక్’. రెండవది 100 టన్నుల ‘ఎక్స్‌పెరిమెంట్’. పెట్టుబడి పెట్టిన ముఖ్యుడు బొంబాయి వర్తకుడు డేవిడ్ స్కాట్. యాత్రకు నాయకుడు జేమ్స్ స్ట్రేంజ్. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువు చేస్తున్న ముప్ఫై రెండేళ్ళ యువకుడు. సముద్రయానం అతని వృత్తి కాదు. కుక్ యాత్రా గ్రంథం చదివి, ఆ తీరాన్ని తన భాగ్యరేఖగా భావించినవాడు.

ఆ ఓడలు 1786 జూన్ చివర నూట్కా సౌండ్ చేరేసరికి నావికులలో చాలామంది స్కర్వీ వ్యాధితో మూలుగుతున్నారు. స్ట్రేంజ్ అక్కడ నెల రోజులు ఉన్నాడు. వెళ్ళిపోతూ, మరుసటి సంవత్సరపు వర్తకానికి పునాదిగా ఒక మనిషిని అక్కడ విడిచిపెట్టాడు. అతని పేరు జాన్ మెకే, ఐర్లండు దేశస్థుడు, ఓడలో వైద్యునికి సహాయకుడు. గ్రామనాయకుడు మక్విన్నా బిడ్డకు చర్మవ్యాధి నయం చేసి అతని మన్నన పొందినవాడు. అతనికి తుపాకి, విత్తనాలు, మేకల జత, ఎర్రని కోటు ఇచ్చి, మక్విన్నా సంరక్షణలో ఉంచి ఓడలు వెళ్ళిపోయాయి. ఆ తీరంలో అంతకు ముందు ఏ ఆంగ్ల వర్తకుని మనిషీ చలికాలం గడపలేదు.

స్ట్రేంజ్‌కు దొరికిన తోళ్ళు సుమారు 600. చీనాలో వాటికి వచ్చిన ధర పెట్టుబడికి చాలలేదు. అతని భాగ్యరేఖ అక్కడితో తెగింది. అయితే తిరుగు ప్రయాణానికి ముందు, సెప్టెంబరు మొదటి వారంలో, ప్రిన్స్ విలియం సౌండ్‌లో అతనికి అనుకోకుండా మరొక చిన్న ఓడ కనిపించింది. దాని పేరు ‘సీ ఆటర్’. నాయకుడు విలియం టిప్పింగ్. అదే కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడలలో చిన్నది.

మద్రాసు రేవు దాటిన ‘నూట్కా’

కలకత్తా యాత్రకు సూత్రధారి జాన్ మీర్స్. ఒకప్పుడు బ్రిటిష్ నౌకాదళంలో లెఫ్టినెంటు. యుద్ధం ముగిసి నౌకాదళంలో పని కరవైన తరువాత 1783లో వర్తక ఓడలలో చేరి కలకత్తా చేరాడు. మాటకారి, సాహసి, తన గురించి తాను గొప్పగా చెప్పుకోవడంలో సంకోచం లేనివాడు. కలకత్తా వర్తకుల అండతో 1786 జనవరిలో రెండు ఓడలు కొన్నాడు. 200 టన్నుల ‘నూట్కా’కు తానే నాయకుడైనాడు. 100 టన్నుల ‘సీ ఆటర్’ను తనవలెనే నౌకాదళంలో పనిచేసిన టిప్పింగ్‌కు అప్పగించాడు. రెండూ వేరువేరుగా పోయి ప్రిన్స్ విలియం సౌండ్‌లో కలుసుకోవాలని ఏర్పాటు.

మార్చి నెలలో ‘నూట్కా’ హుగ్లీ నది దాటి మద్రాసు చేరి, అక్కడ సరంజామా నింపుకుని మలక్కాకు సాగింది. ఓడలో ఉన్న ఐరోపావారు నలభైమంది. మలక్కాలో పదిమంది కళాసులను ఎక్కించుకున్నారు. తూర్పు సముద్రాలలో ఏ ఆంగ్ల ఓడ అయినా ఇటువంటి ఆసియా కళాసుల రెక్కలమీదే నడిచేది. చరిత్ర పుస్తకంలో వారికి దక్కినది ఒక సంఖ్య మాత్రమే: ‘పదిమంది’. వారు పుట్టి పెరిగిన ఊళ్ళలో ఎన్నడూ మంచు కురిసి ఉండదు.

ఆగస్టు మొదట ఓడ అల్యూషన్ దీవులను తాకింది. కప్పుకున్న పొగమంచులో, రాళ్ళకు తగలకుండా, రోజుల తరబడి తడుముకుంటూ ముందుకు సాగింది. రష్యా వర్తకులు అప్పటికే ఆ దీవులలో పాతుకుపోయి ఉన్నారు. ప్రిన్స్ విలియం సౌండ్ చేరేసరికి సెప్టెంబరు చివరి రోజులు వచ్చాయి. ‘సీ ఆటర్’ అక్కడ లేదు. కొద్దివారాల తేడాలో రెండు ఓడలూ ఒకదానినొకటి తప్పిపోయాయి.

ఇప్పుడు మీర్స్ ముందు రెండు దారులున్నాయి. దక్షిణాన హవాయి దీవులకు పోయి వెచ్చగా చలికాలం గడిపి, వసంతంలో తిరిగి రావచ్చు. లేదా అక్కడే ఉండిపోవచ్చు. హవాయిలో దిగితే నావికులు మళ్ళీ ఓడ ఎక్కరేమో, ఎక్కినా ఈ తీరానికి రామంటారేమోనని ఆయన భయం. ఆ భయమే నిర్ణయమైంది. ‘నూట్కా’ ఒక లోతట్టు మూలకు పోయి లంగరు దించింది. నవంబరు నాటికి చుట్టూ నీరు గడ్డకట్టింది. ఓడ రాతిలో దిగ్గొట్టిన మేకు అయింది.

అరవై డిగ్రీల రేఖ వద్ద చలికాలం

ఆ ప్రదేశం భూమధ్యరేఖకు ఉత్తరాన 60 డిగ్రీలు దాటి ఉంది. డిసెంబరులో పగలు ఐదారు గంటలకు మించదు. చుట్టూ ఎత్తైన కొండలు ఉన్నందున ఆ కొద్దిపాటి సూర్యుడు కూడా నేరుగా కనిపించేవాడు కాదు. మధ్యాహ్నం వేళ మసక వెలుతురు మాత్రం వచ్చిపోయేది. అడుగుల కొద్దీ మంచు కురిసేది. చలి కాచుకోవడానికి ఓడ లోపల మంటలు వేస్తే పొగ కమ్మేది. మంట ఆపితే గోడలకు మంచు పేరుకునేది. ఊపిరాడని వెచ్చదనమా, ఊపిరి గడ్డకట్టే చలా అన్నదే వారికి మిగిలిన ఎంపిక.

అప్పుడు స్కర్వీ వచ్చింది.

ఈ వ్యాధి వచ్చే తీరు విచిత్రమైనది. మొదట మనిషికి నిస్సత్తువ, దిగులు. తరువాత చిగుళ్ళు ఉబ్బి రక్తం కారుతుంది, పళ్ళు కదులుతాయి. కాళ్ళు వాచి నల్లబడతాయి. ఎప్పుడో మానిన పాత గాయాలు మళ్ళీ విచ్చుకుంటాయి. చివరకు పక్కమీద కూర్చోబోయినవాడు కూర్చోబోతూనే ప్రాణం విడువవచ్చు. తాజా కూరగాయలు, పళ్ళు లేక, నెలల తరబడి ఉప్పు మాంసం, ఎండు రొట్టె తిన్నవారికి ఇది తప్పదు. స్కాట్లండు వైద్యుడు జేమ్స్ లిండ్ 1747లోనే నారింజ, నిమ్మపళ్ళతో దీనిని నయం చేసి చూపాడు. 1753లో పుస్తకం రాశాడు. అయినా బ్రిటిష్ నౌకాదళం తన నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి పూనుకున్నది 1795లో. అసలు కారణం ‘సి’ విటమిను లోపమని తేలడానికి ఇరవయ్యవ శతాబ్ది రావలసి వచ్చింది.

‘నూట్కా’లో జనవరి నుంచి చావులు మొదలయ్యాయి. ఓడ వైద్యుడు తానే మంచం పట్టాడు, చివరకు మరణించాడు. అక్కడి నుంచి రోగులకు ధైర్యం చెప్పేవాడు లేడు, మందు పోసేవాడు లేడు. వడ్రంగి పోయాడు, పీపాలు చేసేవాడు పోయాడు, తెరచాపలు కుట్టేవాడు పోయాడు. ఓడను నడిపే ఒక్కొక్క విద్యా ఒక్కొక్క మనిషితో మంచు బీటలోకి జారిపోయింది. ఒక దశలో ఓడపై నిలబడి నడవగలిగినవాడు కెప్టెన్ ఒక్కడే అయినాడు. వసంతం వచ్చేసరికి ఇరవై ముగ్గురు మరణించారు.

ఇక్కడే ఈ కథలోని అతి కఠినమైన సత్యం ఉంది. మందు లేక కాదు వారు చచ్చిపోయినది. మందు చుట్టూ నిలబడి ఉంది.

ఆ పాయ ఒడ్డున కొండ అంచుల దాకా దట్టమైన దేవదారు జాతి అడవులున్నాయి. ఆ చెట్ల లేత ఆకులలో ‘సి’ విటమిను ఉంది. వాటిని కాచి తాగితే స్కర్వీ తగ్గుతుందని ఉత్తర సముద్రాలలో తిరిగినవారికి వినికిడిగా తెలుసు. ‘నూట్కా’ మొదటి అధికారి వ్యాధి సోకగానే లేత కొమ్మలు నమిలి రసం మింగాడు, పట్టుదలగా మింగుతూ వచ్చాడు, కోలుకున్నాడు. తక్కినవారికి కూడా ఇవ్వబోయాడు. ఆ చేదును, ఆ వెగటును పుళ్ళు పడిన నోళ్ళు భరించలేకపోయాయి. ఒకటి రెండుసార్లు తాగి మానివేశారు. మీర్స్ స్వయంగా తన గ్రంథంలో ఈ సంగతి రాశాడు. రోజూ మంటకు వేసే కట్టెలు ఆ అడవి నుంచే వచ్చేవి. శవాలను మోసిన బండి మందుచెట్ల నడుమ నుంచే తిరిగేది.

ఆ పాయలోనే తరతరాలుగా బతుకుతున్న చుగాచ్ ప్రజలు అదే చలికాలాన్ని అదే తీరంలో గడిపారు. తాజా చేప, సీలు మాంసం తినే వారికి స్కర్వీ తెలియదు. ఆ నేల మనిషి బతకడానికి వీలులేనిది కాదు. అక్కడ ఎలా బతకాలో తెలియనివారికి మాత్రమే అది శ్మశానమైంది.

ఆదుకున్న పోటీదారులు

మే నెల మొదటి వారం గడిచాక, మంచు కరుగుతున్న వేళ, ఒక పడవ ‘నూట్కా’ దగ్గరకు వచ్చింది. అందులో ఉన్నవాడు కెప్టెన్ జార్జి డిక్సన్. తన ఓడ ‘క్వీన్ షార్లెట్’తో, కెప్టెన్ నథేనియల్ పోర్ట్‌లాక్ నాయకుడుగా ఉన్న ‘కింగ్ జార్జ్’తో కలిసి ఆయన లండన్ నుంచి వచ్చాడు. వారిద్దరూ కుక్ మూడవ యాత్రలో పనిచేసినవారే. వారి యజమానులు సౌత్ సీ కంపెనీ, ఈస్టిండియా కంపెనీ రెండింటి అనుమతులూ పొందారు. వారు ఆ చలికాలాన్ని హవాయి దీవులలో గడిపారు. మీర్స్ ఏ దారిని భయపడి వదులుకున్నాడో ఆ దారినే పోయి, ఆరోగ్యంతో తిరిగి వచ్చారు.

వారు తిండి ఇచ్చారు, మందు ఇచ్చారు. ఓడను నడపడానికి చేతులు చాలవని తెలిసి ఇద్దరు నావికులను కూడా ఇచ్చారు. కాని వర్తకులు వర్తకులే. ఆ తీరంలో మళ్ళీ బేరం చేయకుండా నేరుగా చీనాకు పోతానని మీర్స్ చేత పూచీపత్రం రాయించుకున్నారు. ప్రాణదానానికి ఇది న్యాయమైన ధరా? మీర్స్ తన గ్రంథంలో దీనిని నిర్దయ అన్నాడు. తమ యజమానులకు హక్కున్న తీరంలో అనుమతి లేని ఓడకు అంతకు మించి ఏమి చేయగలమని అవతలివారి వాదన. నావికులకు అదుపు లేకుండా సారాయి పోయడమే చావులకు కారణమని డిక్సన్ ఆరోపించాడు. 1790లో మీర్స్ గ్రంథం వెలువడగానే ఈ తగవు లండన్‌లో కరపత్రాల యుద్ధంగా మారింది. ఎవరి మాట ఎంత నిజమైనా, ఇరవై ముగ్గురు మాత్రం సాక్ష్యం చెప్పడానికి రాలేదు.

జూన్‌లో ‘నూట్కా’ కదిలింది. హవాయిలో ఆగి, అక్కడి నాయకులలో ఒకడైన కయానాను ఎక్కించుకుని, అక్టోబరులో మకావు చేరింది. దానిలో ఉన్న నీటికుక్క తోళ్ళు సుమారు 350. వాటి వెల 14 వేల డాలర్లు. ఆ వెలను పోయిన ప్రాణాలతో భాగిస్తే, ఒక్కొక్క మనిషికి సుమారు ఆరు వందల డాలర్లు. అంటే కుక్ నావికులు మొదట అమ్మిన ధరలో ఐదు శ్రేష్ఠమైన తోళ్ళు.

తిరిగిరానివారు

‘సీ ఆటర్’ ఇక తిరిగి రాలేదు. స్ట్రేంజ్ చూసిన నాటి తరువాత టిప్పింగ్‌ను గాని, అతని నావికులను గాని చూసినట్లు చెప్పుకోగలిగినవారు లేరు. ఆ సంవత్సరమే మకావు నుంచి బయలుదేరిన ‘లార్క్’ అనే మరొక ఓడ కామ్చట్కా దగ్గరి రాగి దీవి రాళ్ళకు తగిలి పగిలింది. బతికి బయటపడినది ఇద్దరే.

జాన్ మెకే బతికాడు. కాని అతని కథ కూడా సుఖాంతం కాదు. తెలియక, మక్విన్నా బిడ్డ ఉన్న ఊయల మీదుగా అడుగు వేశాడు. వారి ఆచారం ప్రకారం అది మహాపచారం. కొట్టి ఇంటి నుంచి వెళ్ళగొట్టారు. తరువాత బిడ్డ మరణించడంతో అతనిని చూసేవారే లేకపోయారు. ఆ చలికాలం ఆకలితో గడిపాడు. 1787 జూన్‌లో ‘ఇంపీరియల్ ఈగిల్’ అనే ఓడ నూట్కాకు వచ్చినపుడు, తోలు కప్పుకుని, మాసిన ఒంటితో ఒక మనిషి పడవలో వచ్చి, ఇంగ్లీషులో పలకరించాడు. ఆ ఓడ కెప్టెన్ చార్లెస్ బార్క్‌లే. అతనితో పాటు పదిహేడేళ్ళ వయసులో పెళ్ళయిన భార్య ఫ్రాన్సెస్ కూడా ఉంది. తెలిసినంతలో ఆ తీరాన్ని చూసిన మొదటి ఐరోపా స్త్రీ ఆమె. మెకే నేర్చిన భాష బార్క్‌లేకు వందల కొద్దీ తోళ్ళు సంపాదించి పెట్టింది. అదే వేసవిలో, మరింత దక్షిణాన ఒక నదీముఖం దగ్గర బేరానికి పోయిన ఆ ఓడ పడవలోని ఆరుగురు హతులైనారు.

బార్క్‌లే దంపతులు తరువాత కలకత్తా చేరారు. 1791 చివర అక్కడి నుంచే ‘హాల్సియన్’ అనే 80 టన్నుల ఓడలో, ఇద్దరు పసిపిల్లలతో మళ్ళీ అలాస్కాకు బయలుదేరారు. కూతురు దారిలోనే కన్నుమూసింది. నాలుగు దశాబ్దాల తరువాత, వృద్ధురాలైన ఫ్రాన్సెస్ తన జ్ఞాపకాలు రాసుకుంది.

తోళ్ళు, పటాలు, యుద్ధం

మీర్స్ అక్కడితో ఆగలేదు. 1788లో చీనా పనివారిని వెంటబెట్టుకుని మళ్ళీ నూట్కాకు పోయి, వారి చేత ఆ తీరాన ఒక చిన్న ఓడ కట్టించాడు. మరుసటి సంవత్సరం స్పెయిన్ దేశపు అధికారి మార్టినెజ్ మీర్స్ భాగస్వాముల ఓడలను పట్టుకున్నాడు. 1790లో మీర్స్ లండన్ పార్లమెంటుకు ఫిర్యాదు సమర్పించగా, కొన్ని వందల తోళ్ళ బేరం ఇంగ్లండు, స్పెయిన్ దేశాలను యుద్ధపు అంచుకు తెచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో ఒప్పందం కుదిరి స్పెయిన్ వెనుకకు తగ్గింది. అమెరికా పశ్చిమ తీరపు భవిష్యత్తు మారిపోయింది. అందులో మీర్స్ ఫిర్యాదుకూ వంతు ఉంది. అతని అతిశయోక్తులకూ వంతు ఉంది.

ఓడలు చిన్నవి, వాటి వెనుక వచ్చినవి చిన్నవి కావు. ఆ వర్తక మార్గాల వెంట తుపాకులు వచ్చాయి, సారాయి వచ్చింది, మశూచి వచ్చింది. తీరప్రజల గ్రామాలు ఎన్నో పాడుబడ్డాయి. నీటికుక్క ఒక్కొక్క పాయ నుంచే మాయమైంది. ఒకప్పుడు లక్షన్నర నుంచి మూడు లక్షల దాకా ఉండేవని శాస్త్రజ్ఞుల అంచనా. 1911లో అమెరికా, బ్రిటన్, రష్యా, జపాన్ దేశాలు వేటను నిషేధిస్తూ ఒప్పందం చేసుకునే నాటికి రెండు వేలకు మించి మిగలలేదు. తాము చేసిన చెడుగును మనుషులు కొంతైనా దిద్దుకోవచ్చునని కూడా ఈ జంతువే చూపింది. 1969, 1972 మధ్య అలాస్కా నుంచి 89 నీటికుక్కలను తెచ్చి, నూట్కాకు ఉత్తరాన వాంకూవర్ దీవి తీరంలో విడిచారు. వాటి సంతతి ఆ తీరం వెంట మళ్ళీ విస్తరించింది.

మద్రాసు ఉద్యోగి జేమ్స్ స్ట్రేంజ్ యాత్రలో రాసుకున్న దినచర్య గ్రంథం కంపెనీ దస్తావేజుల నడుమ మద్రాసులో పడి ఉండేది. దానిని 1928లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది. పరిచయం రాసినవాడు మద్రాసు రికార్డు కార్యాలయపు అధికారి ఏ.వి. వెంకటరామ అయ్యర్. ఉత్తర పసిఫిక్ చలి గురించి చెప్పే ఆ పుటలు బంగాళాఖాతపు ఉక్కలో నూట నలభై ఏళ్ళు భద్రంగా ఉన్నాయన్నమాట.

‘నూట్కా’ మనుషులను దాచుకున్న పాయ నేటికీ అక్కడే ఉంది. ప్రతి చలికాలం మంచు పడుతుంది. ప్రతి వసంతం కరుగుతుంది. ఒడ్డున దేవదారు చెట్లు లేత కొమ్మలు వేస్తాయి. ఇరవై ముగ్గురి ప్రాణాలు నిలపగలిగిన ఆ పసరు ప్రతి ఏడూ అక్కడే ఊరుతూ ఉంది. దానికి కలకత్తాలో గాని, కాంటన్‌లో గాని ఏనాడూ ఎవరూ వెల కట్టలేదు.